మా ఆసుపత్రి చలన చక్రం

ఆసుపత్రికి అన్నింటికన్నా ముందు కావలసింది ఏమిటి? మందులంటారు మీరు. డాక్టర్లంటారు. మంచాలంటారు. ఏమీ అనుకోకండి, మీరింకా పాతకాలంలోనే ఉన్నారు. ఆసుపత్రికి అన్నింటికన్నా ముందు కావలసింది మోటారుతో తిరిగే శిల్పం!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

మా పేటలో పెద్దాసుపత్రి ముందు హాల్లో అలాంటిది ఒకటి వెలిసింది. ఎత్తు రెండు నిలువుల పైనే ఉంటుంది. స్టీలు చువ్వలు, ఇత్తడి రేకులు, నడుమ ఒక పెద్ద చక్రం, దాని చుట్టూ పిల్ల చక్రాలు. ఒకటి కుడికి తిరిగితే దాని పక్కది ఎడమకి తిరుగుతుంది, అచ్చం అత్తాకోడళ్ళలాగా. గడియారంలా టైం చెప్పదు. ఫ్యానులా గాలి ఇవ్వదు. ఊరికే తిరుగుతుంది. ఏ పనీ చెయ్యకుండా పొద్దస్తమానం తిరిగేవాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు గానీ, వాళ్ళని కళ అనుకునే పెద్దమనసు మనకి లేకపోయింది.

దీన్ని కైనెటిక్ ఆర్ట్ అంటారట. తెలుగులో చలన కళ. ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. నూరేళ్ళ కిందటే ఒకాయన సైకిల్ చక్రాన్ని తెచ్చి స్టూలు మీద బిగించి, తోచనప్పుడల్లా చేత్తో తిప్పి చూసుకుని మురిసిపోయేవాడట. ఆ తర్వాత ఇంకొకాయన రేకుముక్కల్ని తీగలకి వేలాడదీసి గాలికి వదిలేశాడు. అవి ఎటు తిరిగితే అటే కళ. మరికొన్నాళ్ళకి ఇంకొకాయన పాత ఇనప సామానుతో పెద్ద యంత్రం కట్టి, జనమంతా చూస్తుండగా అది తనంతట తానే విరిగి, పొగలు కక్కి, చచ్చిపోయేలా చేశాడట. జనం చప్పట్లు కొట్టారట!

మా అపార్టుమెంటు నీళ్ళ మోటారు కూడా సరిగ్గా అలాగే పొగలు కక్కి చచ్చిపోయింది. ఒక్కరంటే ఒక్కరు చప్పట్లు కొట్టలేదు. పైగా సెక్రటరీని నానా తిట్లూ తిట్టారు. కళాదృష్టి లేకపోతే అంతే!

ఈ చరిత్ర తెలిశాక నాకు నా ఇల్లే కొత్తగా కనబడటం మొదలుపెట్టింది. మా వాషింగ్ మెషీన్ సంగతే తీసుకోండి. స్పిన్‌లోకి వచ్చిందంటే వణుక్కుంటూ మూల నుంచి బయల్దేరి, వంటింటి గుమ్మం దాకా నడిచి వచ్చి, అక్కడ ఆగి తలుపు కొడుతుంది. మా ఆవిడ ఇన్నాళ్ళూ దాన్ని తిట్టుకుంటూ వెనక్కి నెట్టేది. అదొక శిల్పమనీ, మనమే పక్కకి తప్పుకోవాలనీ ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

నా ఆఫీసు కుర్చీ ఇంకా గొప్పది. కూర్చున్న దగ్గర్నుంచి ఎవరికీ తెలియకుండా కిందికి దిగుతూ ఉంటుంది. మీటింగు మొదలైనప్పుడు మేనేజరు కళ్ళల్లోకి సూటిగా చూసి మాట్లాడేవాణ్ణి, మీటింగు అయ్యేసరికి గడ్డం బల్లకి ఆనించి, ఆయన చెప్పిన ప్రతిదానికీ తల ఊపుతూ ఉంటాను. ఉద్యోగ జీవితం మీద ఇంతకన్నా లోతైన శిల్పం ఎవరు చెక్కగలరు?

సూపర్‌మార్కెట్ బండ్ల గురించి చెప్పనక్కర్లేదు. మూడు చక్రాలు బిస్కెట్ల వైపు వెళితే నాలుగోది సబ్బుల వైపు లాగుతుంది. నేను ఎన్నోసార్లు బిస్కెట్ల కోసం వెళ్ళి సబ్బులతో తిరిగొచ్చాను. అది బండి లోపమనుకుని కేకలు వేసినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

సరే, ఇళ్ళల్లో కళ ఇలా అడుగడుగునా ఉంటే, ఆసుపత్రికి వేరే ఎందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. దానికి కారణం మా అక్క భుజం.

మా అక్క లెక్కల టీచరు. ఆవిడ కుడి భుజం బిగుసుకుపోయింది. డాక్టర్లు దీన్ని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. పేరు వింటే ఐస్‌క్రీములా చల్లగా ఉంటుంది గానీ, ఆ నొప్పి పగవాళ్ళకి కూడా వద్దు. చెయ్యి భుజం ఎత్తు దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడి నుంచి పైకి వెళ్ళాలంటే ప్రాణం పోయినంత పనవుతుంది.

చెయ్యి పైకి లేవని లెక్కల టీచరుకి బోర్డులో కింది సగమే మిగులుతుంది. అక్క త్రిభుజం గీస్తే రెండు భుజాలూ పైకి బయల్దేరి, కలుసుకోకుండానే మధ్యలో ఆగిపోతాయి. వెనక బెంచీల పిల్లలు అది చూడాలంటే లేచి నిలబడాలి. ఎడం చేత్తో ప్రయత్నించింది. అది లెక్కో, చినుకుల మరకో ఎవరికీ అర్థం కాలేదు.

హెడ్‌మిస్ట్రెస్ చెడ్డ మనిషేం కాదు. పిలిచి కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పింది.

“సెలవులయ్యేలోగా చెయ్యి లేస్తే క్లాసులు మీవే టీచర్‌గారూ. లేకపోతే ఆఫీసులో హాజరు పని చూసుకుందురుగాని. పిల్లలు నష్టపోకూడదు కదా.”

అక్క ఆ రోజు మా ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని ఏడ్చింది. “పిల్లల పేర్లు పిలవడానికా తమ్ముడూ నేనింత చదువుకుంది? వాళ్ళకి లెక్క అర్థమైనప్పుడు మొహం వెలుగుతుంది చూడు, అది లేకపోతే నేనేం చేసుకోవాలి?” అంది. అక్క ఏడవటం నేను పెద్దగా చూడలేదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళాను.

అక్కడ ఫిజియోథెరపీ గదిలో ఒక డాక్టరమ్మ ఉంది. మనుషుల చేతులూ కాళ్ళూ వంచి, తిప్పి, మళ్ళీ దారిలో పెట్టడం ఆవిడ పని. అక్క భుజాన్ని నొక్కి చూసి ధైర్యం చెప్పింది.

“కత్తి పడక్కర్లేదు టీచర్‌గారూ. దీనికి మందల్లా తిప్పడమే. రోజూ షోల్డర్ వీల్ తిప్పితే సెలవులయ్యేలోగా మీ చెయ్యి బోర్డు చివరికి వెళ్తుంది.”

షోల్డర్ వీల్ అంటే గోడకి బిగించిన ఒక ఇనప చక్రం. దానికో పిడి ఉంటుంది. పిడి పట్టుకుని నెమ్మదిగా సున్నాలు చుట్టాలి. రోజులు గడిచేకొద్దీ పిడిని ఇంకాస్త దూరం జరుపుతారు, సున్నా ఇంకాస్త పెద్దదవుతుంది, చెయ్యి ఇంకాస్త పైకి వెళుతుంది. అంతే సంగతి.

“జీవితమంతా పిల్లలకి సున్నాలు చుట్టాను. ఇప్పుడు నా వంతొచ్చింది” అంది అక్క. చాలా రోజులకి నవ్వింది.

అయితే ఆ చక్రం తిరగడం లేదు! లోపలి బేరింగు అరిగిపోయి బిగుసుకుపోయింది. రోగి భుజానికి వచ్చిన జబ్బే దానికీ వచ్చిందన్నమాట. రోగికీ యంత్రానికీ ఇంత ఐకమత్యం ఎక్కడైనా చూశారా?

డాక్టరమ్మ చేతులతోనే కొంత తిప్పించింది గానీ, ఆవిడ ఒక్కతే, బయట వరుసలో కూర్చున్న భుజాలు చాలా. అందుకని నెలవారీ మీటింగులో లేచి నిలబడి అడిగింది. ఆ మీటింగులో జరిగినది ఆవిడే మాకు చెప్పింది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“మా గదిలో చక్రం తిరగడం లేదండీ. తిరిగే చక్రం ఒకటి ఇప్పించండి” అని అడిగిందట.

మా సూపరింటెండెంటుగారికి ఆసుపత్రిలో అందరూ పెట్టుకున్న పేరు ఘనంగారు. ఆయన నోట ఏ మాట వచ్చినా ‘ఘనంగా’ అనే వస్తుంది. దోమల మందు కొట్టించినా ఘనంగానే కొట్టిస్తారు. ఆయనకి భాషంటే ప్రాణం. చవకబారు మాట చెవిన పడితే మొహం అదోలా పెడతారు.

“తిరిగే చక్రమేమిటమ్మా? తిరిగే అంటే తిరుగుబోతు గుర్తొస్తుంది. పైవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆ మాట బాగుండదు. చలన చక్రం అందాం, ఘనంగా ఉంటుంది” అన్నారట.

“భుజానికి అని కూడా చెప్పండి సార్” అందట డాక్టరమ్మ.

“భుజాలూ మోకాళ్ళూ వాళ్ళకెందుకమ్మా!” అని అప్పటికప్పుడే పైకి ఫోన్ చేశారు. “మా ఆసుపత్రికి ఒక చలన చక్రం అత్యవసరం” అన్నారు.

పైనున్నాయన విన్నారు. ఆయన ఏం చేస్తారు పాపం? మందులైతే మందుల విభాగానికి పంపాలి, మంచాలైతే సామాన్ల విభాగానికి పంపాలి. చలనం ఎవరిది? వెతగ్గా వెతగ్గా సాంస్కృతిక విభాగం వాళ్ళ దగ్గర చలన శిల్పాల పథకం ఒకటి కనబడింది. చలన శిల్పం కావాలని అడిగే నాథుడు లేక వాళ్ళు ఎప్పటినుంచో దిగాలుగా ఉన్నారు. ఒక ఆసుపత్రి తనంతట తాను, అందులోనూ అత్యవసరంగా, కళ కావాలని అడిగిందనేసరికి అక్కడ కొందరి కళ్ళు చెమర్చాయని విన్నాను.

బేరింగు అడిగితే ఏళ్ళు పడుతుంది. శిల్పం లారీలో దిగిపోయింది!

చూశారా ఒక్క మాట మహిమ? ఏ భాషలోనైనా చక్రం అడిగితే చక్రమే వస్తుంది. మన భాషలో చక్రాన్ని కాస్త గౌరవంగా పిలిస్తే శిల్పం వస్తుంది. ఇది తెలియక మనం ఇన్నాళ్ళూ నల్లా పాడైతే నల్లా అనే చెప్పుకున్నాం. జలపాతం అని ఉంటే ఏం వచ్చేదో!

శిల్పానికి కరెంటు వైర్లు వెయ్యడానికి ఒక గోడ కావలసి వచ్చింది. హాలుని ఆనుకుని ఉన్నది ఫిజియోథెరపీ గది గోడే. ఆ గోడకే బిగుసుకుపోయిన చక్రం ఉంది. ఎలాగూ తిరగడం లేదు కదా అని దాన్ని ఊడదీసి మెట్ల కింద పడేశారు. గదిలో సగం మోటారు పెట్టెకి పోయింది. మిగతా సగంలో డాక్టరమ్మా, ఒక బల్లా, ఒక రోగీ పడతారు, ముగ్గురిలో ఎవరూ మరీ గట్టిగా ఊపిరి తియ్యకపోతే.

ఇక్కడ మీరు కోపం తెచ్చుకోకూడదు. శిల్పం వల్ల కలిగిన మేళ్ళు చూడాలి. మునుపు చీటీల వరుసలో నిలబడ్డవాళ్ళు కౌంటరు వైపు చూసి గొణిగేవాళ్ళు. ఇప్పుడు శిల్పం వైపు చూస్తూ నోరు తెరుచుకుని నిలబడుతున్నారు. తమ వంతు వచ్చి వెళ్ళిపోయినా తెలియడం లేదు. దానివల్ల కౌంటరులో రద్దీ ఎంత తగ్గిందో! కళ్ళు తిరుగుతున్నాయని వచ్చిన ఒకాయన దాన్ని కాసేపు చూసి అక్కడికక్కడే పడిపోయాడు. జబ్బేమిటో కనుక్కోవడానికి డాక్టరుకి ఒక్క పరీక్ష కూడా అవసరం కాలేదు.

అన్నింటికన్నా పెద్ద మేలు ఇంకొకటి ఉంది. ఇన్నాళ్ళూ మనం ఆసుపత్రి చుట్టూ తిరిగాం. ఇప్పుడు మన తరఫున అదే తిరుగుతోంది!

దాని సేవ కూడా చూసి తీరాలి. యూనిఫాం వేసుకున్న మెకానిక్కు ఒకాయన వారం వారం వచ్చి, మెత్తటి గుడ్డతో దాని ఒళ్ళంతా తుడిచి, కీలు కీలుకీ నూనె చుక్కలు వేసి, చెవి దగ్గర పెట్టి వింటాడు. ఏ కీలైనా కాస్త మూలిగిందంటే ఆ పూటే దాన్ని విప్పి కొత్తది వేస్తాడు. తాకకుండా కాపలాకి ఒక గార్డు. ‘దయచేసి తాకరాదు’ అని ఒక బోర్డు. బెంచీ మీద కూర్చుని ఇదంతా చూస్తున్న అక్క ఒకరోజు నిట్టూర్చింది.

“వచ్చే జన్మంటూ ఉంటే ఇనుముగా పుట్టాలి. నా కీలు ఇన్ని నెలలుగా మూలుగుతోంది, ఒక్కడు చెవి పెట్టలేదు.”

ఆ మాట డాక్టరమ్మ వింది. కాసేపు శిల్పం వైపే చూసింది. కింది వరుసలో, కుడి పక్కన, ఒక పిల్ల చక్రం ఉంది. సరిగ్గా మనిషి భుజం ఎత్తులో ఉంది. మిగతావాటికన్నా నెమ్మదిగా తిరుగుతుంది. దాని చువ్వ ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది.

“టీచర్‌గారూ, ఒక్కసారి ఇలా రండి. ఈ చువ్వ పట్టుకోండి. గట్టిగా వద్దు, ఊరికే ఆనించండి. అదెలా తీసుకెళ్తే అలా వెళ్ళండి.”

గార్డు పరిగెత్తుకొచ్చాడు. “మేడం, తాకకూడదు మేడం!”

“కళని ఆస్వాదిస్తున్నారయ్యా. అడ్డు రాకు” అంది డాక్టరమ్మ.

గార్డు అటు తిరిగి నిలబడ్డాడు. ఆ తర్వాత రోజూ ఆ వేళకి అటు తిరిగి నిలబడటం అలవాటు చేసుకున్నాడు.

చువ్వ నెమ్మదిగా పైకి వెళ్ళింది. దాంతోపాటు అక్క చెయ్యి వెళ్ళింది. అక్క పళ్ళు బిగించింది, కళ్ళు మూసుకుంది, కానీ వదల్లేదు. చువ్వ కిందికి వచ్చింది. మళ్ళీ పైకి వెళ్ళింది. మరునాటికి అక్క వెనక ఇంకో భుజం నిలబడింది. ఆ పై రోజుకి అక్కడ ఒక వరుసే తయారైంది. బస్సు డ్రైవరు ఒకాయన, దర్జీ ఒకావిడ, మనవణ్ణి ఎత్తుకోలేకపోతున్న ఒక తాతగారు. అందరూ వంతులవారీగా సున్నాలు చుట్టారు.

ఈ సంగతి తెలిసి శిల్పి వచ్చాడు. నేను గుండె చిక్కబట్టుకున్నాను. తన శిల్పాన్ని పట్టుకుని ఊగుతున్న రోగుల్ని చూస్తే ఏ కళాకారుడికైనా ఒళ్ళు మండదూ? ఆయన చాలాసేపు పక్కన నిలబడి చూశాడు. అక్క భయపడి చువ్వ వదిలేసింది.

“వదలకండమ్మా. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, నా శిల్పాన్ని ఎవరూ పట్టుకోలేదు. దూరంగా నిలబడి, ఫోటో తీసుకుని, వెళ్ళిపోతారు” అన్నాడు. ఆ రోజే మెకానిక్కుకి చెప్పి ఆ చక్రం వేగం ఇంకాస్త తగ్గించాడు. చువ్వకి మెత్తగా తోలు చుట్టించాడు.

చలన కళ వికాసంలో ఇది కొత్త మలుపని నా నమ్మకం. అక్క చెయ్యి చెవి దాకా వెళ్ళింది. ఆ తర్వాత నుదుటి దాకా వెళ్ళింది. వాళ్ళింట్లో పెరటి గోడ మీద సుద్దతో రోజూ త్రిభుజం గీసి చూసుకునేది. రెండు భుజాలూ దగ్గరపడుతున్నాయి, ఇంకో జానెడు దూరమే మిగిలింది. బావ ఆ గోడని తుడవనివ్వలేదు. నాకూ ఆ గోడ చూస్తే కడుపు నిండినట్టుండేది. సెలవులు ఇంకా ఉన్నాయి. అయిపోతుందనే అనుకున్నాం.

అప్పుడు ఘనంగారికి గుర్తొచ్చింది, శిల్పానికి ఇంకా ప్రారంభోత్సవమే జరగలేదని!

నిజమే కదా. ప్రారంభోత్సవం కాకుండానే తిరుగుతున్న శిల్పం, ముహూర్తం లేకుండా కాపురం పెట్టిన జంటలాంటిది. పెద్దవాళ్ళు ఒప్పుకోరు. ముఖ్య అతిథి దొరికారు. తేదీ దొరికింది. అందాకా రోగుల చేతుల జిడ్డు తగిలి మెరుపు పోకూడదని శిల్పం చుట్టూ నడుమెత్తు ఇనప కంచె కట్టారు. చువ్వకి చుట్టిన తోలు అసహ్యంగా ఉందని పీకేశారు. శిల్పం మొత్తానికీ ఒక పెద్ద తెర కప్పారు.

డాక్టరమ్మ వెళ్ళి బతిమాలింది. “సార్, ఇప్పుడు ఆపితే మళ్ళీ బిగుసుకుపోతాయి సార్. ఈ కొన్నాళ్ళూ కంచె వద్దు.”

“కొన్నాళ్ళే కదమ్మా. ముందు కార్యక్రమం ఘనంగా కానివ్వండి. ఆ టీచరుగారిని కూడా వేదిక మీదికి పిలుద్దాం. శిల్పం వల్ల నయమైన రోగి! తెర ఆవిడ చేతే లాగిద్దాం.”

“ఆవిడకింకా పూర్తిగా నయం కాలేదు సార్.”

“ఆ రోజుకి అయిపోతుంది లెండి” అన్నారు ఘనంగారు. ఆయన ఆశావాది.

వేదిక మీద కూర్చోవడం అక్కకి ఇష్టం లేదు. “వెళ్ళకపోతే కంచె తియ్యరేమోరా” అని భయపడి వెళ్ళింది. మంచి చీర కట్టుకుంది. నేను మూడో వరుసలో కూర్చున్నాను.

ముఖ్య అతిథి ఆజానుబాహువు. తెర తాడు ఆయన ఎత్తుకి కట్టారు. ఉపన్యాసంలో ఆయన చలనమే జీవితమన్నారు. కదలని సమాజం కుళ్ళిపోతుందన్నారు. ఆ మాట చెప్పడానికి మా అందర్నీ కుర్చీల్లోంచి కదలకుండా చాలాసేపు కూర్చోబెట్టారు. తర్వాత అక్కని పిలిచారు.

అక్క లేచి ఎడం చెయ్యి చాపింది.

“కుడి చెయ్యమ్మా, కుడి చెయ్యి! నయమైంది అదే కదా!” అని కింద నుంచి ఫోటోగ్రాఫరు అరిచాడు.

అక్క కుడి చెయ్యి ఎత్తింది. కంచె కట్టాక మళ్ళీ బిగుసుకోవడం మొదలైన చెయ్యి అది. చెవి దాకా కూడా రాకుండానే ఆగింది. తాడు ఇంకా పైనే ఉంది. హాలంతా చూస్తోంది. అక్క మొహంలో చెమట నాకు మూడో వరుసలోకి కనిపించింది. డాక్టరమ్మ “ఎత్తకండి టీచర్‌గారూ!” అంటూ వెనక నుంచి వస్తూనే ఉంది. ముఖ్య అతిథి దయగల మనిషి. “మొహమాటమెందుకమ్మా” అంటూ ఆప్యాయంగా మోచెయ్యి పట్టుకుని, అక్క చేతిని ఒక్కసారిగా నెత్తి మీదికి లేపేశారు.

“అమ్మా!” అని అక్క పెట్టిన కేక హాలు చివరిదాకా వినపడింది.

అదే క్షణంలో చెయ్యి తాడుకి తగిలి తెర జారింది. చక్రాలు తిరిగాయి. కెమెరాలు మెరిశాయి. అక్క కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి. ఘనంగారు మైకు లాక్కున్నారు.

“చూశారా! కళంటే ఇదీ! అమ్మగారు కదిలిపోయారు!”

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. వేదిక ఎక్కి అక్కని దించుకొచ్చాను. ఎడం చేత్తో కుడి భుజం పట్టుకుని నడిచింది. ఇంత మంచి మనిషిని ఇంతమందిలో అలా ఏడిపించినందుకు ఆ చక్రాన్నీ, ఆ మైకునీ, అక్కడున్న అందర్నీ కలిపి విరగ్గొట్టాలనిపించింది. కళావిమర్శకుడు అలా అనుకోకూడదని తెలుసు.

మర్నాడు పేపర్లో పెద్ద ఫోటో వేశారు. చెయ్యి నిటారుగా ఆకాశంలోకి లేపి, కన్నీళ్ళతో, అక్క. మోచెయ్యి పట్టుకున్న ముఖ్య అతిథిని ఫోటో అంచు దగ్గర కోసేశారు, అందులో ఆయన కళ్ళు మూతపడ్డాయట. పైన అక్షరాలు: ‘చలన శిల్పం చూసి చలించిపోయిన ఉపాధ్యాయిని’.

ఆ లాగుడికి భుజం లోపల ఏదో చిరిగి వాచింది. కట్టు కట్టి కొన్నాళ్ళు కదపవద్దన్నారు. కదిలితే తప్ప నయం కాని భుజానికి కదలకూడదని మందు రాశారు. కట్టు విప్పేసరికి చెయ్యి మొదట్లో ఎక్కడుందో అంతకన్నా కిందికి దిగిపోయింది.

డాక్టరమ్మ మీటింగులో మళ్ళీ లేచి నిలబడింది. ఈసారి చక్రం కూడా అడగలేదు. “మెట్ల కింద పాతది పడుంది సార్, దానికొక బేరింగు వేయిస్తే చాలు. లేదంటే ఆ కంచె అయినా తీయించండి” అంది. ఘనంగారు బల్ల మీదున్న పేపరు తిప్పి ఆవిడకి చూపించారు.

“ఇంకెందుకమ్మా? టీచరుగారి చెయ్యి ఇంత ఎత్తుకి లేచింది కదా. ఊరంతా చూసింది. కంచె అంటారా, ఇప్పుడు శిల్పానికి పేరొచ్చింది. ఇంకాస్త ఎత్తు పెంచుతున్నాం.”

అంటే ఏమిటి? మా అక్కకి అధికారికంగా నయమైపోయింది! బస్సు డ్రైవరుకీ, దర్జీ ఆవిడకీ, తాతగారికీ కూడా ఆ ఫోటోతోనే నయమైపోయింది. ఒక్క ఫోటో ఇంతమందిని బాగు చేస్తుంటే, బేరింగులంటూ వేళ్ళాడే మనల్ని ఏమనాలి? పాఠకులారా, మీ ఊరి ఆసుపత్రిలో ఏదైనా తిరగకపోతే మాత్రం నా మాట వినండి. తిరగడం లేదనే చెప్పండి. ఘనంగా చెప్పకండి.

హెడ్‌మిస్ట్రెస్ కూడా ఆ పేపరు చూసింది. ఎంత సంతోషించిందంటే, స్వయంగా ఫోన్ చేసి అభినందించి, అక్క క్లాసులు అక్కకే ఉంచి, పై తరగతి జామెట్రీ కూడా ఇచ్చింది. ఆ గదిలో బోర్డు కొత్తది, మిగతావాటికన్నా ఎత్తైనది. అక్క ఫోన్‌లో నిజం చెప్పబోయి, చెబితే ఇక హాజరు పనే కదా అని మింగేసింది. బడి తెరిచారు. రోజూ పొద్దున్నే అక్క సుద్దముక్క పట్టుకుని ఆ బోర్డు ముందు నిలబడుతోంది. పిల్లలు వెనక బెంచీల్లోంచి లేచి చూస్తున్నారు. హెడ్‌మిస్ట్రెస్ ఆ గది వైపు ఇంకా రాలేదు. ఫోటోని మాత్రం కత్తిరించి నోటీసు బోర్డు మీద అంటించింది. మా అక్క చెయ్యి పైకి లేచేది ఇప్పుడు అక్కడొక్కచోటే.